కోపం మీద అవకాడో తినరాదు

లాస్ ఎన్సీనోస్,
సెప్టెంబరు 28

నా కూతురికి జ్ఞానతండ్రీ, ఆ వరసన నాకు కొంపాద్రే అయిన క్రిస్పీన్‌కి,

ఇక్కడ అంతా బాగున్నాం. తోట బాగుంది, గాడిద బాగుంది, మా అమ్మ తెక్లా నాలుక ఇంకా బాగుంది. నువ్వే బాగాలేవని పండ్ల లారీ డ్రైవరు చెప్పాడు. రక్తంలో కొవ్వు పేరుకుందని ఉరువాపన్‌లో డాక్టరు నిన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టాడట. నలభై ఏళ్ళు ఆదివారం ఆదివారం పంది కొవ్వులో వేయించిన మాంసం తిన్నవాడి రక్తంలో కొవ్వు కాక కొబ్బరినీళ్ళు పారతాయా?

అందుకే ఈ పెట్టె పంపుతున్నాను. నలభై అవకాడోలు. రోజుకు సగం పండు తిను. నేను మూడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణే అయినా, మా ఊరి నర్సమ్మ ఆసుపత్రి గోడకు అంటించిన కాగితం మొత్తం కూడబలుక్కుని చదివాను. అవకాడోలో ఉన్నదీ కొవ్వేనట, కానీ మంచి కొవ్వట. ఒంట్లోని చెడ్డ కొవ్వును అది తగ్గిస్తుందట. "కొవ్వు కొవ్వును తగ్గించడమేంటి నర్సమ్మా?" అన్నాను. "ఊళ్ళో పోకిరీని అణచాలంటే పోలీసు కావాలి. పోలీసూ మనిషేగా బుల్మారో?" అంది. ఆమె అలా అంటూ నావైపు ఎందుకు చూసిందో తెలీదు.

ఇంకా విను. పొటాషియం అనేది అరటిపండులో కంటే మన పండులో ఎక్కువట. అది రక్తపోటును అదుపులో పెడుతుందట. పొటాషియం ఎర్రగా ఉంటుందో నల్లగా ఉంటుందో నాకు తెలీదు గానీ, అరటిపండు మీద మనం గెలిచాం, అది చాలు. పీచు బోలెడు. రేపట్నించి నువ్వు దొడ్లో కూచుని పేపరు ఆఖరి పేజీ దాకా చదవక్కర్లేదు. కళ్ళకు మంచిదట. గర్భిణులకు మరీ మంచిదట. నీ పొట్ట చూశాక ఆ ముక్క కూడా రాయాలనిపించింది. టమాటాతోనో క్యారెట్‌తోనో కలిపి తింటే వాటిలో ఉన్న బలాన్ని కూడా ఒంటికి పట్టిస్తుందట. అంటే తనొక్కటే మంచిదనిపించుకుని ఊరుకోదు, పక్కదానికీ మంచి పేరు తెస్తుంది. అచ్చం నాలాగే.

అసలు సంగతికి వస్తాను. నవంబరు 28న మన రోసాల్బా పెళ్ళి. వాళ్ళమ్మ బతికుంటే ఈ ఉత్తరం తనే రాసేది, మర్యాదగా రాసేది. మన ఊరి పద్ధతి నీకు నేను చెప్పాలా? చర్చికి బయల్దేరేముందు తండ్రి గంపలోంచి ఒక పండు తీసి కొరికి చూడాలి, తర్వాత తండ్రీ జ్ఞానతండ్రీ ఒకే రాతి కల్వంలో అవకాడో నూరి చేసిన గ్వాకమోలె పచ్చడిని రొట్టెతో తీసుకుని తినాలి. కోపం మీద ఉన్నవాడి కడుపులో అవకాడో పడితే విషమని లోకానికంతా తెలుసు. కాబట్టి ఇద్దరూ తిన్నారంటే ఇద్దరి మధ్యా కోపం లేదని ఊరికి సాక్ష్యం. అప్పుడే పిల్ల గడప దాటుతుంది. "నా జ్ఞానతండ్రి తినందే నేను గడప దాటను నాన్నా, పెళ్ళికొడుకు వయసైపోయినా సరే" అని కూచుంది.

ఆ జూన్ పండుగనాటి సంగతి నువ్వింకా మనసులో పెట్టుకోలేదనే అనుకుంటాను. తొక్కతో సహా తినే నల్ల నాటు అవకాడోల్లో మాగినదాన్ని చూపుతోనే పోల్చగలనని, నొక్కి చూడటం చేతకానివాళ్ళ పని అని పాదిరిగారి ముందు గొప్పలు పోయింది నువ్వు. నేను చేసిందల్లా గంపలో ఒక మట్టి పండు పెట్టడమే. కొరికింది నువ్వు. విరిగింది నీ పన్ను. పండుకు గీత కూడా పడలేదు. ఆ కుమ్మరిని మెచ్చుకోవాలి.

నీ మీద ఈ జన్మలో కోపం రాని
బుల్మారో

తా.క.: పెట్టెలో ఉన్నవన్నీ నిజం పండ్లే. అనుమానముంటే ముందు మీ అత్తగారితో కొరికించు.

*

ఉరువాపన్,
అక్టోబరు 5

శ్రీయుత బుల్మారో గారికి,

తమరు పంపిన పెట్టె అందింది. తమరి కుశలం లారీ డ్రైవరు ద్వారా, నేను అడక్కుండానే, తెలిసింది.

అవకాడో మంచిదని మీరు నాకు చెప్పనవసరం లేదు. మా డాక్టరూ అదే చెప్పాడు. రొట్టె మీద పంది కొవ్వు మానేసి, ఆ చోట సగం అవకాడో రాసుకొమ్మన్నాడు. సగానికి మించవద్దన్నాడు, బలమెంతో బరువూ అంతేనట. నోరూరింది. కానీ ఎలా తినను? నా కోపం దిగలేదు. మా అమ్మ మేనమామ త్రాంకిలీనో పొలం గట్టు తగాదాలో ఒళ్ళంతా మండుతుండగా ఒక అవకాడో తిన్నాడు. పంతొమ్మిదో రోజున పోయాడు. కంచరగాడిద తన్నిందని అందరూ అంటారు. కానీ ఆ పండు తినకపోతే అది తన్నేదా?

నా భార్య అంపారో రోజూ పొద్దున్నే పండూ కత్తీ పట్టుకుని నా ఎదురుగా కూర్చుంటుంది. నా మొహంలోకి చూస్తుంది. "ఏదీ, బుల్మారో పేరు చెబుతాను, చూద్దాం" అంటుంది. చెబుతుంది. నా కనుబొమ్మలు ముడిపడతాయి. "ఊహూ. ఇంకా ఉంది" అని పండు తీసుకుని వెళ్ళిపోతుంది.

పైగా తోటవారైన తమరికి తెలియని సంగతి కాదు. అవకాడో చెట్టు మీద పండదు. కోశాక, మనం వేరే పని మీద ఉన్నప్పుడు, పెట్టెలో ఉన్నవన్నీ కూడబలుక్కుని ఒకేరోజు పండుతాయి. మంగళవారం నలభై పండ్లూ మెత్తబడ్డాయి. అంపారో వీధి వీధంతటికీ గ్వాకమోలె చేసి పంచింది. గుమ్మంలో నిలబడి అందరూ నాకుతున్నారు. "ఏం క్రిస్పీన్, నువ్వు తినవా?" "కోపంలో ఉన్నాడండీ, పాపం." "ఎన్నాళ్ళయింది?" "జూన్ నుంచి." నేను బీన్సూ ఎండు రొట్టే తిన్నాను. మిగిలిన గుజ్జు మా అత్తగారు తలకు పట్టించుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో అందరికంటే నిగనిగలాడుతున్నది ఆవిడ జుట్టే.

నా ముందు పన్ను చోట బంగారు పన్ను కట్టించుకున్నాను. నవ్వితే మెరుస్తుంది. అందుకే నవ్వడం మానేశాను.

రోసాల్బా నా బిడ్డ. పెళ్ళికి వస్తాను. కానీ కల్వంలోంచి తినే సంగతి మాత్రం చెప్పలేను. కోపం లేనట్టు నటించి తిని, చర్చి మెట్ల మీద చచ్చి, పిల్ల పెళ్ళి పాడుచేయలేను కదా.

ఇట్లు, మర్యాద తెలిసినవాడు
క్రిస్పీన్

తా.క.: మా అత్తగారు కొరికి చూశారు. పళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. గ్లాసులో ఉన్నాయి.

*

లాస్ ఎన్సీనోస్,
అక్టోబరు 10

కొంపాద్రే,

"శ్రీయుత"! "తమరు"! నా యాభై రెండేళ్ళ బతుకులో నన్నెవరూ ఇంత మాట అనలేదు. ఉత్తరం విని మా అమ్మ, "అయ్యో, అంత కోపంగా ఉన్నాడా పిల్లాడు!" అంది. పిల్లాడంటే నువ్వే.

నీ ఉత్తరం నర్సమ్మకు చూపించాను. "కోపానికీ అవకాడోకీ ఏ సంబంధమూ లేదు, ఏ పుస్తకంలోనూ లేదు, తినమనండి" అంది. మా అమ్మ ఊరుకుంటుందా? "ఆ పుస్తకం రాసినవాడికి పెళ్ళి కాలేదేమో. కోపమంటే ఏంటో తెలీదు పాపం" అంది. నిజం చెప్పనా? నర్సమ్మ చదువుకుంది, మా అమ్మ ఎనభై ఏళ్ళు బతికింది. నేను మా అమ్మ పక్షం. పోయినేడు గాడిద నా కాలు తొక్కినప్పుడు రెండు రోజులు నేనూ అవకాడో ముట్టలేదు.

కాబట్టి తినమని నిన్ను బలవంతపెట్టను. కోపాన్నే పీకేస్తాను. అందులో నన్ను మించినవాడు లేడు. లారీలో మూడు పంపుతున్నాను. ఒకటి, మనసును నిమ్మళపరిచే తీలా పువ్వుల పొట్లం. కషాయం కాచుకుని పూటకో గ్లాసు తాగు. పెళ్ళినాటి రాత్రి మా మామగారు తాగారు, ఆ తర్వాత నన్ను కొట్టలేదు. రెండు, పది అవకాడోలు, రాయిలా గట్టివి. మళ్ళీ మూకుమ్మడిగా పండాయని నా మీద పడకు. రెండేసి పండ్లు ఒక కాగితం సంచిలో వేసి, పక్కన ఒక అరటిపండు పెట్టి మూతి మడిచిపెట్టు. మూడు రోజుల్లో పండుతాయి. మిగతావి చల్లని చోట తమ వంతు కోసం చూస్తుంటాయి. మూడోది, క్షమాపణ.

ఇదిగో చెబుతున్నాను. క్రిస్పీన్, నీ పన్ను విరగ్గొట్టినందుకు నన్ను క్షమించు. సగానికి. రెండో సగం నీ గొప్పలది. అయినా దాన్ని కూడా నేనే మోస్తాను, నా వీపు పెద్దది. చిన్నప్పటి నుంచి నా వెంట తిరిగి నా బదులు దెబ్బలు తిన్నవాడివి నువ్వు. నువ్వు తినని పెళ్ళిలో నా గొంతులో ముద్ద దిగుతుందా?

చూశావా, ఎంత చక్కగా చెప్పానో. రోసాల్బా చదివి కళ్ళు తుడుచుకుంది. ఇంక నీ కోపం ఎక్కడుంది? దొరకదు, వెతుక్కో.

నీ
బుల్మారో

తా.క.: ఎలాగూ క్షమాపణ చెప్పేశాను కనక, ఆ మీసం సంగతి కూడా ఇందులోనే కలిపేసుకో. పదకొండేళ్ళ కిందట నువ్వు మంగలి మెలెసియో కుర్చీలో గురకపెడుతుంటే, అతను కాఫీకి వెళ్ళిన సందులో ఎడమవైపు సగం గీసేసింది నేనే. నీకు ఈపాటికి తెలిసే ఉంటుందిలే.

*

ఉరువాపన్,
అక్టోబరు 19

బుల్మారో గారికి,

అయ్యా, నాకు తెలియదు.

మెలెసియో అంగడి మా ఇంటికి మూడు గుమ్మాల అవతల. పదకొండేళ్ళుగా నేను వీధికి అవతలి పక్కనుంచి నడుస్తున్నాను. వానలో కూడా. పదకొండేళ్ళుగా నా జుట్టు నేనే కత్తిరించుకుంటున్నాను. ఏ ఫోటోలో చూసినా ఎడమవైపు గాలివాన వచ్చి వెళ్ళినట్టుంటుంది. అతని తల్లి పోతే పలకరించడానికి వెళ్ళలేదు. చర్చిలో పాదిరిగారు "పక్కవాళ్ళతో చేయి కలపండి" అన్నప్పుడల్లా, పక్కన అతనుంటే జేబులో చేతిరుమాలు వెతుక్కున్నాను.

ఏం జరిగిందో కూడా వినండి. మీ కషాయం పనిచేసింది. ఎనిమిది రోజులు తాగాను. నిన్న సాయంత్రం అంపారో మీ పేరు మూడుసార్లు చెప్పింది. కనుబొమ్మలు కదల్లేదు. నాలుగోసారి మీ ఇంటిపేరుతో సహా చెప్పింది. కదల్లేదు. సంబరంగా పండు కోసింది. ఉప్పు చల్లింది, నిమ్మకాయ పిండింది. మొదటి చెంచా నా నోట్లో పెట్టింది. పెడుతూ, "ఎంత బాగా రాశాడో పాపం, మళ్ళీ చదువుతాను విను" అని మీ ఉత్తరం తీసింది. క్షమాపణ దాకా బాగుంది. తర్వాత కింద ఉన్నదీ చదివింది. పోయినసారి మడతలో కనబడలేదట.

ఆ చెంచా నా నోట్లోంచి ఆవిడ లాగిన వేగానికి రెండో ముందు పన్ను కూడా కదిలింది.

జూన్ కోపం దిగింది. దాని చోట పదకొండేళ్ళ కోపం వచ్చి కూర్చుంది. అది వడ్డనకు కూర్చున్న పెద్దమనిషిలా కదలడం లేదు.

క్రిస్పీన్

తా.క.: రేపు మెలెసియో దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగాలి. అతని చేతిలో కత్తి ఉంటుంది. నేను బయటికి రాకపోతే రోసాల్బాకు నా ఆశీస్సులు చెప్పండి.

*

లాస్ ఎన్సీనోస్,
అక్టోబరు 26

కొంపాద్రే క్రిస్పీన్‌కి,

మెలెసియో నిన్ను కోయలేదని డ్రైవరు చెప్పాడు. సంతోషం. అంతకుమించి ఏమీ చెప్పలేదు వాడు, నోట్లో అవకాడో ఉన్నట్టు నవ్వుతున్నాడు.

ఇంట్లో నా పరువు పోయింది. "నాన్నా, నువ్వు క్షమాపణ చెప్పినప్పుడల్లా నా పెళ్ళి ఒక నెల వెనక్కి పోతోంది" అంది రోసాల్బా. మా అమ్మ అయితే కలం లాక్కుని రవికలో దోపుకుంది. నాలుగు రోజులు బతిమాలితే ఇచ్చింది. కానీ నేను బెదిరే రకం కాదు. మాటలతో పోయింది పాటతో వస్తుంది.

అందుకని మన ఊరి బ్యాండును పంపుతున్నాను. ఈ ఉత్తరం కంటే ముందే నీకు అది అందుతుంది, చప్పుడు బట్టి గుర్తుపడతావు. తెల్లారుజామున నీ కిటికీ కింద నిలబడి, మన చిన్నప్పటి పాటలు ఆరు వాయిస్తారు. పుట్టినరోజుకే కాదు, తప్పు చేసినవాడు కూడా పాటతోనే తలుపు తట్టాలని మా నాన్న అనేవాడు. ఆయన తట్టిన తలుపులు లెక్కలేనన్ని. కొన్ని మా అమ్మవి కూడా.

పాట వింటూ కిటికీ తెరిచి, ఒక చేత్తో సగం అవకాడో పట్టుకుని నిలబడు. మూడో పాటకల్లా కోపం కరిగిపోతుంది. ఆ క్షణంలో తినెయ్. ఆలస్యం చేయకు, నాలుగో పాటలో బాకా ఊదేవాడు అపస్వరం వేస్తాడు.

పెళ్ళికి ఇంక నెల. పిల్ల రోజూ ఆ రాతి కల్వాన్ని తోముతోంది. తోమి తోమి పలచబడేట్టుంది.

పట్టువదలని
బుల్మారో

తా.క. రాయకూడదని రోసాల్బా ఆజ్ఞ. కాబట్టి ఇది తా.క. కాదు, ఉత్తరమే కొంచెం కిందికి జారింది. ఇంకే పాత సంగతీ లేదు. ఉన్నా చెప్పను.

*

ఉరువాపన్,
నవంబరు 3

శ్రీ బుల్మారో గారికి,

బ్యాండు వచ్చింది. నా కిటికీ ఏదో తెలియక, పూలకుండీలున్న కిటికీ బాగుందని దాని కింద నిలబడ్డారు. అది మా అత్తగారిది. ఆవిడకు డెబ్బై నాలుగేళ్ళు. మొదటి పాటకు కిటికీ తెరిచారు. రెండో పాటకు చెవులకు జుంకాలు పెట్టుకున్నారు. మూడో పాటకు, "ఎవరు పంపారు బాబూ?" అని అడిగారు. బాకా ఊదేవాడు, "లాస్ ఎన్సీనోస్ బుల్మారోగారండీ" అన్నాడు. ఆవిడ ఇంతవరకూ ఆ జుంకాలు తీయలేదు. "ఆయన భార్య పోయి ఎన్నేళ్ళయింది?" అని రెండుసార్లు అడిగారు.

చనిపోయినవాళ్ళ పండుగకు ఇంట్లో వాళ్ళ పేర కట్టిన పీఠం మీద మా త్రాంకిలీనో తాతకు ఒక అవకాడో పెట్టాం. పోయినవాళ్ళకు కోపం ఉండదు కదా. నేను దూరంగా నిలబడి చూశాను.

ఆఖరిమాటగా ఒక షరతు రాస్తున్నాను. మీ బావి పక్కన నల్ల నాటు చెట్టు, మీరు బిషప్పు అని పిలుచుకునేది, దాని పండ్లు పన్నెండు పంపండి. అన్నీ ఒకే సైజు ఉండాలి. తొడిమ బొడిపె ఊడకూడదు. గీత పడకూడదు. తుడవకూడదు, పైన బూడిద పొర అలాగే ఉండాలి. ఒక్కోటి విడిగా గడ్డిలో చుట్టాలి. అవి చూశాక నా కోపం సంగతి ఆలోచిస్తాను.

క్రిస్పీన్

తా.క.: వీటిలో ఒక్కటి మట్టిదైనా పెళ్ళికొడుకు ముసలివాడవుతాడు.

*

లాస్ ఎన్సీనోస్,
నవంబరు 9

క్రిస్పీన్,

పంపుతున్నాను. లారీలో కాదు, డ్రైవరు ఒళ్ళో.

నువ్వేం అడిగావో నీకు తెలుసో లేదో గానీ, నేను చెబుతాను. ఉరువాపన్ పండ్ల సంతలో ఉత్తమ పండుకు ఇచ్చే నీలం రిబ్బను కోసం తొమ్మిదేళ్ళుగా వెళ్తున్నాను. తొమ్మిదేళ్ళుగా ఖాళీ చేతుల్తో వచ్చి, జడ్జీలకు కళ్ళు లేవని ఊళ్ళో చెబుతున్నాను. నిజానికి వాళ్ళకు కళ్ళున్నాయి. నాకే ఎప్పుడూ పన్నెండు సమానమైన పండ్లు కుదర్లేదు. ఈ ఏడు బిషప్పు కనికరించాడు. ఆగస్టు నుంచి ఆ కొమ్మకు గోనెపట్టా కట్టి, ఉడతలతో యుద్ధం చేసి, పక్షుల్ని తిట్టి, సరిగ్గా పన్నెండు కాపాడాను. సంతకు అవే. ఇంక వేరే లేవు.

నిన్న నిచ్చెన వేశాను. మా అమ్మ కింద నిలబడి, "నిజంగా కోస్తున్నావా?" అంది. "రిబ్బను పెళ్ళి కూతురి పక్కన నిలబడదు కదమ్మా" అన్నాను. ఆవిడ వచ్చి రెండు చేతులా నిచ్చెన పట్టుకుంది.

ఈ ఏడు సంతకు వెళ్ళను. ఆ పండ్లు తిను కొంపాద్రే. తొక్కతో సహా తిను. సోంపు వాసన వస్తుంది చూడు, మన చిన్నప్పుడు దొంగిలించి తిన్న పండులాగే. రక్తంలో కొవ్వు తగ్గాలి, నీ రక్తపోటు తగ్గాలి, నువ్వు నా మనవల బాప్తిస్మాలకు కూడా రావాలి. ఆసుపత్రి కాగితంలో రాసినవన్నీ నీకు జరగాలి. గర్భిణులది తప్ప.

తింటావు. నాకు తెలుసు. నేను ఓడిపోయే పందెం ఇంతవరకూ కాయలేదు. సంతలో తప్ప.

బుల్మారో

తా.క.: అందులో మట్టిది లేదు. అమ్మ మీద ఒట్టు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు, దూరం నుంచి.

*

ఉరువాపన్,
నవంబరు 27

(ఈ ఉత్తరం పెళ్ళి పొద్దున లారీ డ్రైవరు తెస్తాడు. రోసాల్బా పైకి చదవాలి. తెక్లా పిన్ని ఎదురుగా కుర్చీ వేసుకుని కొడుకు మొహం చూస్తుండాలి.)

ఒరేయ్ బుల్మారో,

మీసం సంగతి నాకు తెలియదని నీకు రాసిన మర్నాడు మెలెసియో అంగడికి వెళ్ళాను. అతను కుర్చీ చూపించాడు. మెడకు గుడ్డ కట్టాడు. కత్తి తీశాడు. నేను కళ్ళు మూసుకుని, "మెలెసియో, నా మీసం గీసింది నువ్వు కాదట" అన్నాను. "తెలుసు" అన్నాడు. "కాఫీ కొట్టులోంచి చూశాను. బుల్మారో సబ్బు నురగ చేత్తో పట్టుకుని పరుగెత్తుతున్నాడు. చెబుదామని వస్తే నువ్వు రోడ్డుకు అవతలికి వెళ్ళిపోయావు. మర్నాడూ వెళ్ళావు. పదకొండేళ్ళూ వెళ్ళావు. నేను మాత్రం ఎన్నిసార్లు రోడ్డు దాటను?"

అద్దంలో ఒకరినొకరం చూసుకున్నాం. ముందు అతను నవ్వాడు. తర్వాత నేను. అద్దంలో నా బంగారు పన్ను మెరిసింది. అది చూసి ఇద్దరం కుర్చీ పట్టుకుని నవ్వాం. ఇంటికి వస్తే అంపారో నా కనుబొమ్మలు చూసి, వెంటనే పండు కోసింది. అది అక్టోబరు 20. ఆ రోజు నుంచి రోజూ సగం అవకాడో తింటున్నాను. నువ్వు పంపినవి అయ్యాక కొనుక్కుని తిన్నాను. బెల్టు ఒక బెజ్జం లోపలికి వెళ్ళింది. రక్తంలో కొవ్వు దిగిందని డాక్టరు చేయి కలిపాడు. "పండు ఒక్కదానికే పేరివ్వకు, పంది కొవ్వు మానావు చూడు, దానికీ ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను.

అంటే బ్యాండు వచ్చిననాటికి నాకు కోపమే లేదు. నీకు "శ్రీ" అని రాయడానికి ఎంత కష్టపడ్డానో అంపారోని అడుగు. చిన్నప్పటి నుంచి నువ్వు నన్ను ఆడించావు. నలభై ఏళ్ళకు ఒకసారి నా వంతు రాకూడదా?

ఇప్పుడు బిషప్పు పండ్ల సంగతి. తినలేదు. సంతలో పెట్టాను. కాగితం మీద "తెచ్చినవాడి పేరు" అని అడిగారు, క్రిస్పీన్ అని రాశాను. పెంచినవాడి పేరు ఎవరూ అడగలేదు. మొదటి బహుమతి వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఇలాంటి పన్నెండు చూడలేదని పెద్ద జడ్జీ అన్నాడు. పేపర్లో ఫోటో వేశారు, ఇందులో పెట్టాను. నీలం రిబ్బను నా గుండె మీద ఉంది చూడు. పన్ను కూడా బాగా పడింది.

తెక్లా పిన్నీ, వాడి చెవులు చూడు. ఎర్రబడ్డాయా? పడి ఉంటాయి. ఇదీ కోపమంటే. కోపం మీద అవకాడో తినరాదు. తండ్రి తినకపోతే పిల్ల గడప దాటదు. నేను తొమ్మిదిన్నర బస్సుకు దిగుతాను. పాదిరిగారు పదింటికి గంట కొట్టిస్తారు. నా కోపం దిగడానికి నాలుగు నెలలు పట్టింది. నీకు అరగంట ఉంది.

అందుకని నవ్వు. కల్వం అంత తళతళా తోమి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది, నీ మొహమే చూస్తోంది. నవ్వరా.

రిబ్బను తెస్తున్నాను. రోసాల్బా చేతిలో పూలగుత్తికి కడతాను. దాని మీద పేరేమీ రాసి ఉండదు, ఏడాది మాత్రమే ఉంటుంది. కానీ ఆ గుత్తి పట్టుకుని చర్చిలో నడిచేది ఎవరి కూతురో ఊరికంతటికీ తెలుసు.

నీ పండ్లు తిని బాగుపడిన
క్రిస్పీన్

తా.క.: ఇవాళ కొరికి చూడాల్సింది నువ్వే కదా. గంపలో ఉన్న నల్ల పండ్లలో ఒకటి డ్రైవరు నిన్న చేర్చాడు. జూన్ నుంచి దాచి ఉంచాను, గీత కూడా పడలేదు. ఏదో చూపుతోనే పోల్చుకో. నొక్కి చూడటం చేతకానివాళ్ళ పని.